రైలూ లారీ కలిసే ఊళ్లు

చదునైన పట్టాల మీద ఒక టన్ను బరువును ఆగకుండా నడిపించడానికి రెండు కిలోల బలం చాలు. అదే టన్నును లారీకెక్కించి మంచి తారు రోడ్డు మీద నడపాలంటే ఆరేడు కిలోల బలం కావాలి. కారణం చక్రంలోనే ఉంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టాను తాకేది గోరంత మేరే, అక్కడ రెండూ నొక్కుకుపోయేది అత్యల్పం. రబ్బరు టైరు అలా కాదు. నేలను తాకిన చోటల్లా అణిగి, పైకి లేస్తూ మళ్లీ గుండ్రమవుతుంది. ఆ అణగడంలోనూ లేవడంలోనూ ఇంజను పెట్టిన శక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. దూరం నడిచొచ్చి ఆగిన లారీ టైరు మీద చెయ్యి వేస్తే ఆ పోయిన శక్తి అరచేతికి తగులుతుంది.

ఈ లెక్క ఒక్కటే చూసుకుంటే దూరాభారం వెళ్లే సరుకంతా రైళ్ల మీదే వెళ్లాలి. యూరప్‌లో అలా వెళ్లడం లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల లోపల నేల మీదా నదుల మీదా సాగే సరుకు రవాణాలో నాలుగింట మూడొంతులు రోడ్డుదే. రైలు వాటా ఆరింట ఒక వంతు. 300 కి.మీ. దాటి వెళ్లే రోడ్డు సరుకులో 30 శాతాన్ని 2030కల్లా, సగానికి పైగా సరుకును 2050కల్లా రైలుకో పడవకో మార్చాలని యూరోపియన్ కమిషన్ 2011లో శ్వేతపత్రం రాసుకుంది. యూనియన్ జమాఖర్చులను తనిఖీ చేసే కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్ 2023లో ఈ సంగతిని పరిశీలించి, సరుకు రోడ్డు దిగడానికి యూరప్ ఇంకా చాలా దూరంలో ఉందని తేల్చింది.

భౌతికశాస్త్రం రైలు వైపు ఉన్నా వ్యాపారం లారీ వైపు నిలవడానికి మూలం ఒకటే: రైలు గుమ్మం దాకా రాదు. ఫ్యాక్టరీ నుంచి స్టేషనుకు ఒక లారీ, అక్కడ ఎత్తి రైల్లో పెట్టడం, అవతలి స్టేషన్లో దించడం, అక్కడి నుంచి దుకాణానికి ఇంకో లారీ. పట్టాల మీద మిగిల్చిన డబ్బు ఈ ఎత్తుడు దించుళ్ల దగ్గరే ఖర్చయిపోతుంది. కాబట్టి సరుకు రవాణాను రైలు వైపు మళ్లించాలంటే ఇంకా వేగమైన ఇంజన్లు కనిపెట్టడం కన్నా, రైలూ లారీ కలుసుకునే చోటును బాగుచేయడం ముఖ్యం. ఆ చోటునే యూరప్‌లో ఫ్రైట్ విలేజ్ అంటున్నారు. ఇటలీలో దాన్ని ఇంటర్‌పోర్టో అంటారు, జర్మనీలో పొడవాటి పేరును కుదించి జీవీజెడ్ అంటారు. ఈ అధ్యాయం ఆ ఊళ్ల గురించి.

ముందుగా ఆ ఊరు ఎలా ఉంటుందో చూద్దాం. ఉత్తర ఇటలీలో వెరోనా నగరానికి నైరుతి దిక్కున క్వాడ్రాంటే యూరోపా అనే ఇంటర్‌పోర్టో ఉంది. విస్తీర్ణం 25 లక్షల చదరపు మీటర్లు, అంటే ఆరు వందల ఎకరాలకు పైమాట. మిలాన్ నుంచి వెనిస్‌కు తూర్పు పడమరలుగా పోయే మోటార్‌వే, ఆల్ప్స్ దాటి ఆస్ట్రియా వైపు ఉత్తరంగా పోయే మోటార్‌వే ఇక్కడే ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ రెండు దిక్కుల రైలు మార్గాలూ ఇక్కడే కలుస్తాయి. విమానాశ్రయం దగ్గరే. లోపల గోదాములు, కస్టమ్స్ కార్యాలయం, రవాణా కంపెనీల ఆఫీసులు, లారీల పార్కింగు, మరమ్మతు షెడ్లు, తిండి దొరికే చోట్లు ఉన్నాయి. వెరోనా టోకు కూరగాయల మార్కెట్టు కూడా ఈ ఆవరణలోనే ఉంది. జర్మనీలో తయారైన ఫోక్స్‌వ్యాగన్ కార్లు రైళ్లలో వచ్చి ఇటలీ షోరూములకు ఇక్కడి నుంచే పంపిణీ అవుతాయి. వీటన్నిటి మధ్యలో, ఊరికి గుండెకాయగా, క్రేన్లున్న రైల్వే టెర్మినల్ ఉంది. జర్మనీ ఫ్రైట్ విలేజ్‌ల సంఘం యూరప్ మొత్తం మీద ఇలాంటి చోట్లను పోల్చి చూసినప్పుడు వెరోనాకు మొదటి స్థానం ఇచ్చింది.

విజయవాడ ఆటోనగర్‌ను చూసినవారికి ఇందులో సగం తెలిసిందే అనిపిస్తుంది. లారీకి కావలసిన ప్రతి పనీ, ప్రతి పనివాడూ ఒకే చోట పక్కపక్కన. మిగతా సగం తేడా పట్టాల దగ్గర ఉంది.

ఆ టెర్మినల్లో ఒక ట్రైలర్ రైలెక్కడం దగ్గర నుంచి చూడదగ్గ పని. లారీ గేటు దాటుతుంటే కెమెరాలు దాని నంబరునూ ట్రైలర్ పక్కనున్న పసుపు పలకనూ చదువుతాయి. ఆ పలక మీద పీ-400 అని ఉంటే దాని అర్థం నాలుగు మీటర్ల ఎత్తున్న ట్రైలర్ అని. రైలు పోయే మార్గంలోని సొరంగాల పైకప్పు కింద అది పడుతుందో లేదో ఆ సంఖ్యే చెబుతుంది. డ్రైవరు రైలు పక్కన లారీ నిలిపి, వెనకనున్న రక్షణ కమ్మీని పైకి మడిచి, ట్రైలర్ ముందు కాళ్లు దించి, తన ఇంజను భాగాన్ని విడదీసుకుని పక్కకు జరుపుతాడు. అప్పుడు పైనుంచి క్రేను నాలుగు ఉక్కు చేతులు చాపుతుంది. ట్రైలర్ అడుగున నాలుగు చోట్ల దిట్టంగా చేసిన అంచులుంటాయి. ఆ చేతులు వాటినే పట్టుకోవాలి, మరెక్కడ పట్టినా చట్రం వంగిపోతుంది. ముప్పై అయిదు టన్నులు నిటారుగా లేచి, పక్కకు జరిగి, బండి మీదున్న గుంటలోకి దిగుతుంది. చక్రాలు పట్టాల కన్నా అడుగెత్తులోకి వచ్చి కూర్చుంటాయి. ట్రైలర్ ముందు భాగంలోని లావాటి ఉక్కు మేకు బండి మీది కొక్కెంలో పడి బిగుసుకుంటుంది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. లోపలి సరుకును ఎవరూ ముట్టుకోలేదు, తలుపు సీలు చెక్కుచెదరలేదు.

సరుకును ముట్టుకోకుండా, అది కూర్చున్న పెట్టెనే ఒక వాహనం నుంచి ఇంకో వాహనానికి మార్చడమే ఇంటర్‌మోడల్ రవాణా. ఆ పెట్టె ఓడ కంటైనర్ కావచ్చు, కాళ్లు మడిచే స్వాప్ బాడీ కావచ్చు, చక్రాలతో సహా ట్రైలరే కావచ్చు. యూరప్‌లో చివరి రెండూ ఎక్కువ కనిపించడానికి కారణం అయిదు సెంటీమీటర్లు. అక్కడ సరుకు పేర్చే చెక్క పళ్లెం, అంటే ప్యాలెట్, 1961 నుంచి ఒకే కొలతలో ఉంది: 120 సెంటీమీటర్ల పొడవు, 80 వెడల్పు. రెండింటిని పొడవు వాటున పక్కపక్కన పెడితే 240 సెంటీమీటర్లు. ఓడ కంటైనర్ లోపలి వెడల్పు 235. పట్టదు. ప్యాలెట్లను అటూ ఇటూ తిప్పి సర్దితే మధ్యలో చోటు వృథా. అందుకే ఓడరేవు నుంచి వచ్చే సరుకు కంటైనర్లలో వస్తున్నా, యూరప్ లోపలే ఒక దేశం నుంచి మరో దేశానికి పోయేది 33 ప్యాలెట్లు పట్టే 13.6 మీటర్ల ట్రైలర్లలోనూ, ఆ వెడల్పుకు తగ్గట్టు చేసిన స్వాప్ బాడీల్లోనూ పోతుంది.

అయితే యూరప్ రోడ్ల మీద తిరిగే ట్రైలర్లలో చాలావాటికి క్రేను పట్టుకునే ఆ అంచులు ఉండవు. వాటిని బల్ల లాంటి చట్రం మీదికెక్కించి ఆ చట్రాన్నే ఎత్తే పద్ధతి ఒకటి వచ్చింది. ఫ్రాన్స్‌లో బండి మధ్య భాగమే పక్కకు తిరిగి, లారీ నేరుగా దాని మీదికి ఎక్కే ఏర్పాటు చేశారు. ఇంకో చిక్కు విద్యుత్ తీగలది. క్రేను తిరిగే చోట పైన తీగలు ఉండకూడదు, తీగలు లేనిచోట విద్యుత్ ఇంజను నడవదు. చాలాచోట్ల డీజిల్ ఇంజను వచ్చి రైలును లోపలికి తోస్తుంది. కొన్ని జర్మన్ టెర్మినళ్లలో మాత్రం డ్రైవరు తగినంత వేగం అందుకుని, తీగలను తాకే పైకమ్మీని దించేసి, ఆ ఊపు మీదే రైలును క్రేన్ల కిందుగా పోనిచ్చి, అవతలి చివర తీగల కిందికి ఇంజను చేరాక ఆపుతాడు. ఇంజను మార్చే సమయం, ఖర్చు రెండూ మిగులుతాయి. న్యూటన్ మొదటి సూత్రం రోజూ కూలి డబ్బు మిగిల్చే చోటు ఇంతకన్నా వేరే ఉంటుందా అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు లెక్క. లెక్క తేలిగ్గా పడడానికి అంకెలు నేను ఊహించి పెడుతున్నాను, వాటి మధ్య సంబంధం మాత్రం నిజమైనది. లారీకి కిలోమీటరుకు 1 యూరో 40 సెంట్లు ఖర్చనుకుందాం. అదే ట్రైలర్‌ను రైలు మీద తీసుకుపోతే కిలోమీటరుకు 70 సెంట్లు. అంటే ప్రతి కిలోమీటరుకూ 70 సెంట్లు మిగులు. కానీ రైలుకు రెండు కొసలా అదనపు ఖర్చుంది: ఫ్యాక్టరీ నుంచి టెర్మినల్‌కు లారీ 160 యూరోలు, క్రేనూ ఇతర సేవలూ 50. ఒక కొసకు 210, రెండు కొసలకు 420. దీన్ని 70 సెంట్ల మిగులుతో పూడ్చుకోవాలంటే రైలు 600 కి.మీ. నడవాలి. అంతకన్నా దగ్గరి ప్రయాణాలకు లారీయే చవక. రైలు లాభించే దూరం 500, 600 కి.మీ. దాటాలని యూరప్ రవాణా నిపుణులు తరచూ చెప్పే మాట వెనక ఇలాంటి లెక్కే ఉంది.

ఇప్పుడు ఒక కొసన గోదామును తెచ్చి టెర్మినల్ పక్కనే పెట్టండి. 160 యూరోల లారీ ప్రయాణం కాస్తా ఆవరణలోనే అయిపోయే 20 యూరోల పని అవుతుంది. మొత్తం అదనపు ఖర్చు 280కి దిగుతుంది. రైలు గెలిచే దూరం 600 నుంచి 400 కి.మీ.కు తగ్గుతుంది. రెండో కొసన కూడా అలాగే ఉంటే 200 కి.మీ. చాలు. ఇంజను మారలేదు, పట్టాలు మారలేదు, డీజిల్ ధర మారలేదు. గోదాము ఎక్కడ కట్టారన్నదే మారింది. ఫ్రైట్ విలేజ్ చేసే పని ఇదే, దాని బలం కూడా ఇదే.

వెరోనా నుంచి మ్యూనిక్‌కు పట్టాల మీద సుమారు 450 కి.మీ. పాఠ్యపుస్తకాల లెక్కన ఇది రైలుకు గిట్టుబాటు కాని దూరం. కానీ ఈ రెండు నగరాల మధ్య సరుకు రైళ్ల మార్గం యూరప్‌లోనే అత్యంత రద్దీ ఉన్నవాటిలో ఒకటి. ఇందుకు ఊరు ఒక కారణమైతే, కొండ రెండో కారణం.

ఆ దారిలో ఆల్ప్స్ దాటే బ్రెన్నర్ కనుమ ఎత్తు సుమారు 1,370 మీటర్లు. ఆల్ప్స్ కనుమల్లో ఇదే తేలికైన దారి కాబట్టి ఏటా దాదాపు 25 లక్షల లారీలు దీని మీదుగా పోతాయి. కనుమ కింది లోయలో ఉన్న ఆస్ట్రియా తిరోల్ ప్రజలు ఆ పొగకూ మోతకూ విసిగి ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. ఆస్ట్రియా రాత్రిపూట లారీలను నిషేధించింది, కొన్ని రకాల సరుకును రోడ్డు మీద అసలు రానివ్వనంది, రద్దీ రోజుల్లో గంటకు ఇన్ని లారీలే అని సరిహద్దులో లెక్కపెట్టి వదులుతోంది. ఇటలీ దీని మీద యూరోపియన్ న్యాయస్థానానికెక్కింది. నా మొగ్గు లోయ జనం వైపే. ఇరుకు లోయలో గాలి బయటికి పోయే దారి ఉండదు, చలికాలంలో పొగ ఊళ్ల మీదే కూర్చుంటుంది. వాళ్ల పట్టుదలే ఇటలీ, జర్మనీ వ్యాపారులను రైలు వైపు చూసేలా చేసింది.

అయితే ఆ కొండ రైలును కూడా వదలదు. బ్రెన్నర్ రైలు మార్గం 1867లో మొదలైంది. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ వైపు ఎక్కుడు వెయ్యి మీటర్లకు 26 మీటర్ల దాకా ఉంది. మొదట చెప్పిన రెండు కిలోలను ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. చదును మీద టన్నుకు రెండు కిలోల బలం చాలు. వెయ్యికి 26 ఎక్కుడు మీద ఆ రెండుకు మరో 26 కిలోలు కలుస్తాయి, అంటే పద్నాలుగు రెట్లు. ముప్పై ట్రైలర్లున్న రైలు బరువు సుమారు 1,500 టన్నులు. దాన్ని ఆ ఎక్కుడు మీదికి లాగడానికి 42 టన్నుల లాగుడు కావాలి. ఆధునిక విద్యుత్ ఇంజను గట్టిగా లాగితే 30 టన్నులు. కనక రెండు, ఒక్కోసారి మూడు ఇంజన్లు తగిలించాలి, కొండ దిగాక విప్పాలి. చాలా కాలం పాటు సరిహద్దు స్టేషన్లో మొత్తం ఇంజన్లనే మార్చేవారు, ఎందుకంటే ఆస్ట్రియా తీగల్లో 15 వేల వోల్టుల ఏసీ, ఇటలీ తీగల్లో 3 వేల వోల్టుల డీసీ. రెండు కరెంట్ల మీదా నడిచే ఇంజన్లు వచ్చాక ఆ ఇబ్బంది కొంత తగ్గింది.

మళ్లీ ఊరి దగ్గరికి వద్దాం. రైలు గెలిచే దూరాన్ని ఊరు తగ్గిస్తుందన్నది ఒక సగం. రైలును నింపుతుందన్నది రెండో సగం, నా దృష్టిలో ఇదే ఎక్కువ ముఖ్యం. లారీ ఒక ట్రైలర్ దొరికితే బయల్దేరుతుంది. రైలుకు ముప్పై ట్రైలర్లు కావాలి, పదే వచ్చినా ఇంజనుకూ డ్రైవరుకూ పట్టాల అద్దెకూ అయ్యే ఖర్చు ఇంచుమించు అంతే. రోజుకు మూడు ట్రైలర్లు పంపే కంపెనీ సొంతంగా రైలు నడపలేదు. అలాంటివి పది ఒకే చోట ఉంటే రోజుకో రైలు నిండుతుంది. పక్కపక్కన షెడ్లలో ఉంటూ ఒకరి ఖాతాదారుల్ని మరొకరు లాక్కునే పోటీదారులు, పట్టాల దగ్గరకు వచ్చేసరికి ఒకరికొకరు అవసరమవుతారు.

రైళ్లు పెరిగిన కొద్దీ ఇంకో మేలు జరుగుతుంది. వారానికొక్క రైలు ఉంటే సరుకు దాని కోసం సగటున మూడున్నర రోజులు కాచుకోవాలి. రోజుకొక్కటి ఉంటే సగం రోజు. రోజుకు మూడు ఉంటే నాలుగు గంటలు. నాలుగు గంటల ఆలస్యాన్ని కూరగాయల వ్యాపారి కూడా ఒప్పుకుంటాడు. అతను చేరితే ఇంకో రైలు నిండుతుంది, కాచుకునే సమయం ఇంకా తగ్గుతుంది. వెరోనా ఎదిగింది ఇలాగే. మొదటి రైలు నిండడం కష్టం, పదో రైలు నిండడం తేలిక.

అందుకే ఈ ఊళ్లను ఎవరు నడుపుతారన్న ప్రశ్న వస్తుంది. ఒక రవాణా కంపెనీ చేతిలో పెడితే పోటీదారుల ట్రైలర్లను వెనక్కి నెట్టదని నమ్మకమేమిటి? ఫ్రైట్ విలేజ్‌ల యూరోపియన్ సంఘం 1991లో ఏర్పడింది. ఆ సంఘం నిర్వచనంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది: అన్ని కంపెనీలకూ తలుపులు తెరిచి ఉండాలి, మొత్తం చోటును ఏ పక్షానికీ చెందని ఒకే సంస్థ నడపాలి, సాధ్యమైతే అందులో ప్రభుత్వమూ ప్రైవేటూ రెండూ ఉండాలి. వెరోనాలో ఆ సంస్థ పేరు కన్సోర్జియో జాయ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1948లో, నగరపాలక సంస్థ, జిల్లా పాలనా మండలి, వాణిజ్య మండలి కలిసి పెట్టుకున్నది. పొలాలను కొని, రోడ్లు వేసి, స్థలాలు అమ్మి, ఆ డబ్బుతో ఇంకాస్త భూమి కొని, దశాబ్దాల పాటు ఓపిగ్గా కట్టుకుంటూ వచ్చింది. ఇటలీలో బొలోన్యా 1971లో, పాదువా 1973లో ఇలాంటి సంస్థలు పెట్టుకున్నాయి. అంతకు ముందే, 1960ల చివర, పారిస్ చుట్టుపక్కల గారొనోర్, రుంజిస్‌లలో లారీల కోసం పెద్ద కేంద్రాలు వెలిశాయి గానీ వాటి చూపు రోడ్డు మీదే ఉండేది. జర్మనీలో మొదటిది 1985లో బ్రెమెన్‌లో. అక్కడ ఆవరణలోని కంపెనీలే సభ్యులుగా చేరి ఉమ్మడి సంస్థను నడుపుకుంటున్నాయి.

ఇటలీ 1990లో ఒక చట్టం చేసింది. ఇంటర్‌పోర్టో అనిపించుకోవాలంటే పూర్తి రైళ్లను కూర్చగల, అందుకోగల రైల్వే యార్డు ఉండి తీరాలని అందులో రాశారు. మంచి షరతు. కానీ చట్టంతో పాటు ప్రభుత్వ డబ్బు కూడా వచ్చేసరికి ప్రతి ప్రాంతమూ తనకొకటి కావాలంది. దేశమంతా రెండు డజన్ల దాకా వెలిశాయి. వాటిలో కొన్ని కళకళలాడుతున్నాయి, కొన్నింటిలో గోదాములు నిండినా పట్టాల మీద రైలు అరుదు. సరుకు రద్దీ లేని చోట యార్డు కట్టినంత మాత్రాన రైలు నిండదు. పట్టాల్లేని ఫ్రైట్ విలేజ్ అంటే ఊరి బయట పొలాలు మింగేసిన గోదాముల గుంపే, అది లారీల సంఖ్యను పెంచుతుంది తప్ప తగ్గించదు.

మన దగ్గరా ఈ ప్రయత్నం సాగుతోంది. భారత్‌మాలా పథకంలో దేశమంతా 35 మల్టీమోడల్ లాజిస్టిక్స్ పార్కులకు చోట్లు గుర్తించారు, వాటిలో హైదరాబాద్ ఉంది. విశాఖపట్నంలో కంటైనర్ కార్పొరేషన్ ఇలాంటి పార్కు నడుపుతోంది. భూమి, షెడ్లు, రోడ్డు ఇవన్నీ ముందు వస్తాయి, కంటికి కనిపిస్తాయి. వారానికి ఎన్ని రైళ్లు నిండుతున్నాయన్నదే అడగవలసిన ప్రశ్న, ఇటలీ అనుభవం చూస్తే.

నది కూడా తోడైతే ఏమవుతుందో జర్మనీలోని డూయిస్‌బుర్గ్ చూపిస్తుంది. రైన్ ఒడ్డున రైన్‌హౌజెన్‌లో క్రుప్ కంపెనీ ఉక్కు కర్మాగారం ఉండేది. 1987లో దాన్ని మూసేస్తామని ప్రకటించారు. కార్మికులు రైన్ మీది వంతెనను దిగ్బంధించారు. ఆ వంతెనకు సంఘీభావ వంతెన అనే పేరు నిలిచిపోయింది. పోరాటం మూసివేతను కొన్నేళ్లు వాయిదా వేయించింది గానీ 1993లో కొలిమి ఆరిపోయింది. 1998లో రేవు సంస్థ ఆ స్థలం తీసుకుని లాగ్‌పోర్ట్ అనే సరుకుల కేంద్రం కట్టింది. ఉక్కు కోసం వేసిన పట్టాలు, ఉక్కు కోసం తవ్విన రేవు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. రాటర్‌డామ్, ఆంట్‌వెర్ప్ ఓడరేవుల నుంచి పడవల మీద వచ్చిన కంటైనర్లు ఇక్కడ రైలెక్కుతాయి, లారీలెక్కుతాయి. 2011 నుంచి చైనాలోని చోంగ్‌చింగ్ నుంచి రైళ్లు రావడం మొదలైంది. చైనా, పశ్చిమ యూరప్ పట్టాల వెడల్పు ఒకటే, మధ్యలో పాత సోవియట్ దేశాలది ఎక్కువ. కాబట్టి దారిలో రెండు చోట్ల కంటైనర్లను ఒక రైలు మీంచి ఇంకో రైలు మీదికి మార్చాలి. గోదాముల్లో దొరికిన పనులు ఉక్కు కర్మాగారం ఇచ్చిన జీతాలకు, హోదాకు సాటి రావని అక్కడి కార్మిక కుటుంబాలు అనుకుంటే ఆ మాటను తోసెయ్యలేం. కానీ మూతపడ్డ కొలిమి చుట్టూ ముళ్లకంచె మిగిలిన ఊళ్లు ఆ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఇక్కడ పని మిగిలింది.

నగరం లోపలికి పోయే ఆఖరి మైళ్ల మీద మంచి పని చేసింది పాదువా. 2004లో అక్కడి ఇంటర్‌పోర్టో సిటీపోర్టో అనే సేవ మొదలుపెట్టింది. వేర్వేరు రవాణా కంపెనీల పార్శిళ్లను ఇంటర్‌పోర్టోలో దించి, వీధుల వారీగా కలిపి, సహజ వాయువుతో నడిచే చిన్న బండ్లలో పాత నగరంలోకి పంపుతారు. అలా పంపే బండ్లకు మామూలు వాహనాలు పోకూడని వీధుల్లోకి, బస్సుల వరసల్లోకి వెళ్లే అనుమతి ఇచ్చారు. సగం ఖాళీగా తిరిగే అయిదు వ్యాన్ల బదులు నిండుగా ఒకటి పోతుంది.

ఈ పద్ధతి వల్ల మేలు పొందేవారిలో డ్రైవర్లను లెక్కలోకి తీసుకోవడం మరిచిపోతుంటారు. దూరాల లారీ డ్రైవరు వారాల తరబడి క్యాబిన్లోనే పడుకుంటాడు, పార్కింగు కోసం రాత్రుళ్లు వెతుక్కుంటాడు. నడుమ దూరమంతా రైలు తీసుకుంటే మిగిలేది టెర్మినల్‌కూ ఫ్యాక్టరీకీ మధ్య యాభై, వంద కిలోమీటర్ల పని. సాయంత్రానికి ఇంటికి చేరే పని అది.

ఇంతా చేసి, పట్టాలు ఒక్కచోట తెగితే ఊళ్లన్నీ నిలిచిపోతాయి. 2017 ఆగస్టు 12న జర్మనీలో రాస్టాట్ దగ్గర, కొత్త సొరంగం తవ్వుతుండగా, దాని పైనున్న పాత మార్గం పట్టాలు కుంగాయి. నెదర్లాండ్స్ రేవుల నుంచి ఇటలీ దాకా పోయే ప్రధాన మార్గం అది, రోజుకు 200 దాకా సరుకు రైళ్లు పోయే దారి. అక్టోబరు 2 దాకా మూతపడింది. పక్కనే ఫ్రాన్స్‌లో మార్గం ఉంది. కానీ అక్కడ సిగ్నళ్ల పద్ధతి వేరు, ఫ్రెంచి రాని డ్రైవరు ఆ దేశంలో రైలు నడపకూడదు, ఫ్రెంచి వచ్చిన డ్రైవర్లు తగినంతమంది లేరు. జర్మనీ లోపలి చుట్టుదారుల్లో కొన్ని ఒంటి పట్టాలవి, కొన్నింటికి విద్యుత్ తీగలు లేవు. తవ్వుతున్న యంత్రాన్ని కాంక్రీటులోనే పూడ్చేసి నేలను గట్టిపరచారు. నష్టం 200 కోట్ల యూరోలు దాటిందని రైలు రవాణా సంఘాలు చేయించిన అధ్యయనం తేల్చింది. అదే ఒక మోటార్‌వే మూతపడితే లారీలు పక్క రోడ్డు పట్టుకుని సాయంత్రానికి చేరేవి. రాస్టాట్ దారి మూతపడినప్పుడు రైలును వదిలి లారీకి మారిన ఖాతాదారులను వెనక్కి తేవడం కష్టమైంది, ఎందుకంటే వ్యాపారి వేగం కన్నా నమ్మకానికి ఎక్కువ విలువిస్తాడు.

బ్రెన్నర్ కింద ఇప్పుడు కొత్త సొరంగం తవ్వుతున్నారు. పొడవు 55 కి.మీ., ఇన్స్‌బ్రుక్ దగ్గరున్న పాత సొరంగంతో కలిపి 64. పాత మార్గం 1,370 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగితే, ఇది దాదాపు 790 మీటర్ల ఎత్తులో కొండ అడుగుగా పోతుంది. ఎక్కుడు వెయ్యికి 4 నుంచి 7 మధ్య. ముందు వేసిన లెక్కనే మళ్లీ వేస్తే, 1,500 టన్నుల రైలుకు 42 టన్నుల బదులు 13, 14 టన్నుల లాగుడు చాలు. ఒక్క ఇంజను తేలిగ్గా తీసుకుపోతుంది. 2025 సెప్టెంబరులో రెండు దేశాల వైపు నుంచి తవ్వుకొచ్చిన అన్వేషణ సొరంగం కలిసింది. రైళ్లు 2032లో మొదలవుతాయని అంచనా.

ఎక్కుడు తగ్గితే రైలును పొడవు చేయవచ్చు. 550 మీటర్ల రైలు ముప్పై ట్రైలర్లను తీసుకుపోతుంది. యూరప్ ప్రమాణంగా పెట్టుకున్న 740 మీటర్ల రైలు నలభై దాటి తీసుకుపోతుంది, అదే డ్రైవరు, అదే సమయపట్టిక. కానీ ఆ రైలును ఒకే ముక్కగా క్రేన్ల కిందికి తెచ్చుకోవాలంటే టెర్మినల్లో అంత పొడవైన పట్టాలుండాలి. లేకపోతే రైలును రెండుగా తెగ్గొట్టి, విడివిడిగా తోసి, మళ్లీ కలపాలి. సొరంగం మిగిల్చిన గంట అక్కడ పోతుంది. వెరోనా అంత పొడవైన రైళ్లు పట్టే కొత్త టెర్మినల్‌కు స్థలం కేటాయించి ప్రణాళిక వేసుకుంది. సొరంగానికి ఉత్తరాన, జర్మనీలోని ఇన్ లోయలో, సొరంగం దాకా వచ్చే కొత్త పట్టాలు ఎక్కడ వేయాలన్న దాని మీద రోజెన్‌హైమ్ చుట్టుపక్కల ఊళ్లతో వాదన ఇంకా నడుస్తోంది.